గెలుపు సంభావ్యత (బేస్‌బాల్ గణాంకం)

గెలుపు సంభావ్యత అనేది బేస్‌బాల్ ఆటలో ఏదైనా ఒక దశలో ఒక జట్టు ఆ ఆటను గెలవడానికి ఎంత అవకాశమున్నదో తెలిపే సంఖ్య. ఇది 0 నుండి 1 వరకు ఉంటుంది. శాతంగా చెప్పినప్పుడు 0 నుండి 100 వరకు ఉంటుంది. ఒక ఆటగాడు చేసిన పని వలన ఈ సంఖ్య ఎంత పెరిగినదో లేక ఎంత తగ్గినదో లెక్కించి, ఆ తేడాను అతని ఖాతాలో జమ చేయడాన్ని విన్ ప్రాబబిలిటీ యాడెడ్ అంటారు. దీని సంక్షిప్త రూపం డబ్ల్యు.పి.ఏ.

బ్యాటింగ్ సగటు, హోమ్ రన్‌ల సంఖ్య వంటి పాత గణాంకాలు ఆటగాడు ఏమి చేశాడో చెబుతాయి గాని, ఎప్పుడు చేశాడో చెప్పవు. డబ్ల్యు.పి.ఏ. ఆ లోటును పూరిస్తుంది. అయితే ఇది జరిగిన ఆటలో ఎవరి పాత్ర ఎంత అన్నదానికి సమాధానమే తప్ప, ఎవరు గొప్ప ఆటగాడు అన్న ప్రశ్నకు సమాధానం కాదు. ఈ రెండింటికీ గల తేడాను గుర్తించకపోవడం వలననే ఈ గణాంకంపై చాలా వాదోపవాదాలు జరిగాయి.

ఆట పరిచయం

ఈ గణాంకాన్ని అర్థం చేసుకోవడానికి బేస్‌బాల్ నియమాలు కొన్ని తెలిసి ఉండాలి. ఒక ఆటలో 9 ఇన్నింగ్స్‌లు ఉంటాయి. ప్రతి ఇన్నింగ్స్‌లో రెండు సగాలు. మొదటి సగంలో పర్యాటక జట్టు, రెండవ సగంలో స్థానిక జట్టు బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు అవుట్ కాగానే సగం ముగుస్తుంది. బంతి విసిరే ఆటగాడిని పిచర్ అంటారు. బ్యాటర్ మొదటి, రెండవ, మూడవ బేస్‌లను వరుసగా దాటి తిరిగి మొదలుపెట్టిన చోటికి చేరితే ఒక పరుగు వస్తుంది. క్రికెట్‌లో సిక్సర్ వలె బంతిని గాలిలోనే మైదానం కంచె దాటిస్తే అది హోమ్ రన్. అప్పుడు బ్యాటరుతో పాటు బేస్‌లపై ఉన్నవారందరూ పరుగులు పూర్తి చేస్తారు. 9 ఇన్నింగ్స్‌ల తరువాత స్కోరు సమమైతే అదనపు ఇన్నింగ్స్‌లు ఆడతారు.

ఈ నియమాల వలన ఆటను విడివిడి దశలుగా విభజించడం సులభం. మూడు బేస్‌లలో ఒక్కొక్కదానిపై మనిషి ఉండవచ్చు, లేకపోవచ్చు. కనుక మొత్తం 8 స్థితులు. అవుట్‌ల సంఖ్య 0, 1, 2 లలో ఏదైనా కావచ్చు. 8ని 3తో గుణిస్తే 24 స్థితులు. వీటికి ఇన్నింగ్స్ సంఖ్యను, బ్యాటింగ్ చేస్తున్న జట్టును, రెండు జట్ల స్కోర్ల తేడాను జోడిస్తే ఆటలోని ఏ దశనైనా పూర్తిగా వర్ణించినట్లే. బంతి ఆటలోకి వచ్చిన తరువాత ఆగే వరకు సాగే ఫుట్‌బాల్ వంటి క్రీడలలో ఇటువంటి విభజన కష్టం.

లెక్కించే విధానం

గతంలో జరిగిన వేలాది ఆటల వివరాలను సేకరించి, ఒక నిర్దిష్ట స్థితి ఎన్నిసార్లు ఏర్పడినది, ఆ తరువాత స్థానిక జట్టు ఎన్నిసార్లు గెలిచినది అని చూస్తారు. రెండవదానిని మొదటిదానితో భాగించగా వచ్చినదే ఆ స్థితిలో గెలుపు సంభావ్యత. పాఠశాల గణితంలో నాణెం ఎగురవేసి సంభావ్యతను అంచనా వేసే పద్ధతి కూడా ఇదే. అరుదుగా ఏర్పడే స్థితులకు తగినన్ని ఉదాహరణలు దొరకవు కనుక, అటువంటి చోట గణిత నమూనాలతో గాని, కంప్యూటరులో కృత్రిమంగా ఆటలు ఆడించి గాని విలువను నిర్ణయిస్తారు.

రెండు జట్లు సమాన బలం గలవనుకుంటే ఆట ఆరంభంలో ఒక్కొక్క జట్టుకు 0.50 సంభావ్యత ఉంటుంది. ఆట ముగిసేసరికి గెలిచిన జట్టుకు 1, ఓడిన జట్టుకు 0 అవుతుంది. మధ్యలో ప్రతి ఘటనకు ముందు ఉన్న విలువను తరువాతి విలువ నుండి తీసివేస్తే ఆ ఘటన యొక్క డబ్ల్యు.పి.ఏ. వస్తుంది. బ్యాటరుకు ఎంత కలిస్తే ప్రత్యర్థి పిచరుకు అంత తగ్గుతుంది.

బేస్‌లపై ఎవరూ లేనప్పుడు కొట్టిన హోమ్ రన్‌కు ఎప్పుడూ ఒక్క పరుగే వస్తుంది. కాని దాని డబ్ల్యు.పి.ఏ. సందర్భాన్ని బట్టి ఇలా మారుతుంది:

* మొదటి ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటరు కొడితే సుమారు 0.10.
* స్కోరు సమంగా ఉండగా, తొమ్మిదవ ఇన్నింగ్స్ రెండవ సగంలో మొదటి బ్యాటరు కొడితే సుమారు 0.37. అప్పటికి స్థానిక జట్టుకు 0.63 వరకు అవకాశం ఉన్నది. హోమ్ రన్‌తో ఆట ముగిసి అది 1 అవుతుంది.
* చివరి ఇన్నింగ్స్‌లో, అప్పటికే 8 పరుగుల ఆధిక్యంలో ఉన్న జట్టు ఆటగాడు కొడితే దాదాపు 0.

ఈ పద్ధతిలో లెక్క ఎప్పుడూ సరిపోతుంది. ఒక ఆటలో గెలిచిన జట్టు ఆటగాళ్ళ విలువలన్నీ కలిపితే సరిగ్గా +0.5, ఓడిన జట్టువి కలిపితే –0.5 వస్తాయి. కాబట్టి ఒక జట్టు సీజను మొత్తంలో ఆడిన 162 ఆటలలో 90 గెలిచి 72 ఓడితే, ఆ జట్టు ఆటగాళ్ళ మొత్తం డబ్ల్యు.పి.ఏ. +9 అవుతుంది. అనగా గెలుపోటముల తేడాలో సగం. జట్టు సాధించిన గెలుపులను ఆటగాళ్ళ మధ్య పైసాతో సహా పంచే ఖాతా పుస్తకం వంటిది ఈ గణాంకం.

చరిత్ర

ఈ దిశగా తొలి ముఖ్యమైన కృషి చేసినవాడు జార్జ్ లిండ్సే. ఆయన కెనడా రక్షణ శాఖలో పరిశోధకుడు. ఆట సాగుతున్నకొద్దీ స్కోరు ఎలా మారుతుంది, ఏ దశలో ఎంత ఆధిక్యం ఉంటే గెలుపు అవకాశం ఎంత అన్న విషయంపై 1961లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. 1963లో ఆపరేషన్స్ రీసెర్చ్ పత్రికలో బేస్‌బాల్ వ్యూహాలపై మరొక వ్యాసం వ్రాశాడు. కంప్యూటర్ సమాచారం లేని ఆ రోజులలో ఆయన తండ్రి ఛార్లెస్ లిండ్సే వందలాది ఆటలను అనుసరించి వివరాలు నమోదు చేసి ఇచ్చాడు.

ఆటగాళ్ళ తోడ్పాటును కొలవడానికి ఈ ఆలోచనను మొదట వినియోగించినవారు మిల్స్ సోదరులు. అన్నదమ్ములైన ఎల్డన్ మిల్స్, హార్లన్ మిల్స్ 1969 సీజనులోని ఆటలను ఈ పద్ధతిలో విశ్లేషించి, 1970లో ప్లేయర్ విన్ యావరేజెస్ అనే పుస్తకం వెలువరించారు. హార్లన్ మిల్స్ ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన పేరుపొందిన కంప్యూటర్ శాస్త్రవేత్త. వారు గెలుపు అవకాశాన్ని పెంచిన పనులకు గెలుపు పాయింట్లు, తగ్గించిన పనులకు ఓటమి పాయింట్లు ఇచ్చారు. 1984లో జే బెన్నెట్, జాన్ ఫ్లూయెక్ అనే గణాంక శాస్త్రవేత్తలు ప్లేయర్ గేమ్ పర్సెంటేజ్ అనే పేరుతో ఇటువంటి పద్ధతినే ప్రతిపాదించారు. విన్ ప్రాబబిలిటీ యాడెడ్ అనే పేరును 1990లలో గణితాచార్యుడు డగ్ డ్రైనెన్ వాడుకలోకి తెచ్చాడు.

ఈ గణాంకం సామాన్య అభిమానులకు చేరడానికి సమాచారమే పెద్ద అడ్డంకి అయినది. ప్రతి ఆటలోని ప్రతి ఘటన వరుసక్రమంలో నమోదై ఉంటే తప్ప లెక్క సాధ్యం కాదు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ఆచార్యుడైన డేవిడ్ స్మిత్ 1989లో స్థాపించిన రెట్రోషీట్ అనే స్వచ్ఛంద సంస్థ పాత ఆటల స్కోరు పత్రాలను సేకరించి, కంప్యూటరులో ఎక్కించి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచినది. 2005లో డేవిడ్ యాపెల్‌మన్ ప్రారంభించిన ఫ్యాన్‌గ్రాఫ్స్ వెబ్‌సైటు ప్రతి ఆటకు గెలుపు సంభావ్యత రేఖాచిత్రాన్ని చూపడం మొదలుపెట్టినది. 2006లో టామ్ టాంగో, మిచెల్ లిఖ్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ కలిసి వ్రాసిన ద బుక్ అనే గ్రంథం ఈ పద్ధతులను విస్తారంగా చర్చించినది.

ప్రసిద్ధ ఉదాహరణలు

1960 వరల్డ్ సిరీస్, ఏడవ ఆట

1960 అక్టోబరు 13న పిట్స్‌బర్గ్ నగరంలోని ఫోర్బ్స్ ఫీల్డ్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్, న్యూయార్క్ యాంకీస్ జట్ల మధ్య ఆఖరి ఆట జరిగినది. తొమ్మిదవ ఇన్నింగ్స్ రెండవ సగంలో 9–9తో స్కోరు సమంగా ఉండగా, మొదట బ్యాటింగ్‌కు వచ్చిన బిల్ మేజరోస్కీ హోమ్ రన్ కొట్టి పైరేట్స్‌ను విజేతగా నిలిపాడు. ఈ దెబ్బ అమెరికా క్రీడా చరిత్రలో చిరస్థాయిగా నిలిచినది. మేజరోస్కీ విగ్రహాన్ని కూడా పిట్స్‌బర్గ్‌లో ప్రతిష్ఠించారు.

అయితే గెలుపు సంభావ్యత మరొక పేరును ముందుకు తెస్తుంది. ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో పైరేట్స్ 6–7తో వెనుకబడి, ఇద్దరు అవుటై ఉన్నప్పుడు, హాల్ స్మిత్ అనే క్యాచర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి జట్టును 9–7 ఆధిక్యంలోకి తెచ్చాడు. ఆ ఒక్క దెబ్బతో జట్టు గెలుపు అవకాశం సుమారు 64 శాతం పెరిగినది. అది ఏడవ ఆట కనుక ఆటను గెలవడమంటే ఛాంపియన్‌షిప్‌ను గెలవడమే. ఛాంపియన్‌షిప్ అవకాశాన్ని ఒకే ఘటన ఇంతగా మార్చిన సందర్భం మరొకటి లేదని ఈ లెక్కలు చూపుతున్నాయి. మేజరోస్కీ హోమ్ రన్ విలువ సుమారు 37 శాతం. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో యాంకీస్ రెండు పరుగులు చేసి స్కోరు సమం చేయకపోయి ఉంటే విజయానికి కారకుడిగా స్మిత్ పేరే నిలిచి ఉండేది. యాంకీస్ ఆ రెండు పరుగులు చేయడం వలన స్మిత్ చేసిన పని మరుగున పడినది. ఖాతాలో మాత్రం అది చెరగలేదు.

1988 వరల్డ్ సిరీస్, మొదటి ఆట

1988 అక్టోబరు 15న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు ఓక్లాండ్ అథ్లెటిక్స్‌తో ఆడుతూ 3–4తో వెనుకబడి ఉన్నది. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. రెండు కాళ్ళకూ గాయాలతో బాధపడుతున్న కిర్క్ గిబ్సన్ బ్యాటింగ్‌కు వచ్చి, డెన్నిస్ ఎకర్స్‌లీ బంతిని హోమ్ రన్‌గా మలచి 5–4తో గెలిపించాడు. దీని విలువ సుమారు 0.87. గిబ్సన్ ఆ సిరీస్‌లో మరి బ్యాటింగ్ చేయలేదు. డాడ్జర్స్ 4–1 తేడాతో సిరీస్ గెలిచారు.

2011 వరల్డ్ సిరీస్, ఆరవ ఆట

2011 అక్టోబరు 27న సెయింట్ లూయిస్ కార్డినల్స్, టెక్సాస్ రేంజర్స్ జట్ల మధ్య ఆరవ ఆట జరిగినది. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో కార్డినల్స్ 5–7తో వెనుకబడి, ఓటమికి ఒక్క స్ట్రైక్ దూరంలో ఉన్నారు. అప్పుడు డేవిడ్ ఫ్రీజ్ కొట్టిన బంతికి ఇద్దరు పరుగులు పూర్తి చేయగా స్కోరు సమమైనది. పదకొండవ ఇన్నింగ్స్‌లో అతడే హోమ్ రన్ కొట్టి 10–9తో గెలిపించాడు. ఈ ఆటలో అతని మొత్తం డబ్ల్యు.పి.ఏ. 0.969. మరునాడు జరిగిన ఏడవ ఆటను 6–2తో గెలిచి కార్డినల్స్ ఛాంపియన్లయ్యారు.

ఒత్తిడి సూచిక

ఒక సందర్భంలో గెలుపు సంభావ్యత ఎంతగా మారే అవకాశమున్నదో తెలిపే కొలమానాన్ని లెవరేజ్ ఇండెక్స్ అంటారు. దీనిని టామ్ టాంగో రూపొందించాడు. తెలుగులో ఒత్తిడి సూచిక అనవచ్చును. సగటు సందర్భానికి దీని విలువ 1. ఫలితం దాదాపు తేలిపోయిన ఆటలో ఇది 0కు దగ్గరగా ఉంటుంది. తొమ్మిదవ ఇన్నింగ్స్ రెండవ సగంలో, ఒక్క పరుగు వెనుకబడి, మూడు బేస్‌లూ నిండి, ఇద్దరు అవుటై ఉన్నప్పుడు దాదాపు 11కు చేరుతుంది.

ఆట చివరి దశలో వచ్చే రిలీఫ్ పిచర్ల విలువను అంచనా వేయడానికి ఈ సూచిక ఎంతో ఉపయోగపడినది. వారు విసిరే ఇన్నింగ్స్ తక్కువే అయినా కీలక సమయంలో విసురుతారు. 1995 నుండి 2013 వరకు న్యూయార్క్ యాంకీస్‌కు ఆడిన మారియానో రివేరా తన ఆటజీవితంలో సంపాదించిన డబ్ల్యు.పి.ఏ. 56కు పైగా ఉన్నది.

2016లో బాల్టిమోర్ ఓరియోల్స్ పిచర్ జాక్ బ్రిటన్ ఈ చర్చకు కేంద్రమయ్యాడు. ఆ సంవత్సరం అతడు 47 అవకాశాలలో 47 సార్లూ ఆధిక్యాన్ని కాపాడి, తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున 0.54 ఎర్న్‌డ్ పరుగులు మాత్రమే ఇచ్చాడు. అతని డబ్ల్యు.పి.ఏ. 6కు పైగా నమోదైనది. ఉత్తమ పిచరుకు ఇచ్చే సై యంగ్ పురస్కారం అతనికి ఇవ్వాలని కొందరు వాదించారు. ఎక్కువ ఇన్నింగ్స్ విసిరినవారికే ఇవ్వాలని మరికొందరు వాదించారు. చివరకు పురస్కారం రిక్ పోర్సెల్లోకు దక్కినది, బ్రిటన్ నాలుగవ స్థానంలో నిలిచాడు.

అదే సంవత్సరం అక్టోబరు 4న టొరంటోలో జరిగిన వైల్డ్ కార్డ్ ఆటలో, ఓడితే సీజను ముగిసిపోయే స్థితిలో, మేనేజరు బక్ షోవాల్టర్ బ్రిటన్‌కు బంతి ఇవ్వనే లేదు. తమ జట్టు ఆధిక్యంలోకి వచ్చాక వాడుకుందామని అతనిని ఆపి ఉంచగా, ఆ ఆధిక్యం రాలేదు. 2–2తో సమంగా ఉన్న ఆటను పదకొండవ ఇన్నింగ్స్‌లో ఎడ్విన్ ఎన్‌కార్నాసియోన్ మూడు పరుగుల హోమ్ రన్‌తో ముగించాడు. అప్పుడు బంతి విసిరినది ఉబాల్డో హిమెనెజ్. మంచి పిచరును ఆఖరి ఇన్నింగ్స్ కొరకు కాక, ఒత్తిడి అత్యధికంగా ఉన్న క్షణం కొరకు ఉంచాలన్న వాదనకు ఈ ఆటను తరచుగా ఉదాహరణగా చూపుతారు.

షూలెస్ జో జాక్సన్ ఉదంతం

గెలుపు సంభావ్యతను ఒక మనిషి గౌరవానికి సంబంధించిన ప్రశ్నకు వినియోగించిన సందర్భం ఇది. 1919 వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ జట్టు సిన్సినాటి రెడ్స్ చేతిలో 5–3 తేడాతో ఓడిపోయినది. జూదగాళ్ళ నుండి డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయారని ఎనిమిది మంది ఆటగాళ్ళపై ఆరోపణ వచ్చినది. 1921లో న్యాయస్థానం వారిని నిర్దోషులని తీర్పు ఇచ్చినప్పటికీ, బేస్‌బాల్ కమిషనర్ కెనసా మౌంటెన్ లాండిస్ వారిని ఆట నుండి శాశ్వతంగా బహిష్కరించాడు. వారిలో మేటి బ్యాటరైన జో జాక్సన్ ఒకడు. తనకు 5,000 డాలర్లు అందినట్లు జాక్సన్ గ్రాండ్ జ్యూరీ ముందు ఒప్పుకున్నాడు. కాని ఆ సిరీస్‌లో అతని బ్యాటింగ్ సగటు 0.375.

అతనిని సమర్థించేవారు ఈ సగటును చూపగా, ఫలితం తేలిపోయాక కొట్టిన దెబ్బలతో సగటు పెంచుకున్నాడేమోనని ఇతరులు అనుమానించారు. ఈ అనుమానాన్ని సాధారణ సగటు తీర్చలేదు. కీలక సమయంలో ఎలా ఆడాడన్నదే ప్రశ్న కనుక గెలుపు సంభావ్యత దానికి తగిన సాధనం. జే బెన్నెట్ 1993లో ద అమెరికన్ స్టాటిస్టీషియన్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆ సిరీస్‌ను ఘటనల వారీగా విశ్లేషించాడు. జాక్సన్ తన పూర్తి సామర్థ్యం మేరకే ఆడాడన్న వాదనను గణాంకాలు బలపరుస్తున్నాయని నిర్ణయించాడు.

డబ్బు విషయాన్ని గాని, మనసులోని ఉద్దేశాన్ని గాని ఏ గణాంకమూ తేల్చలేదు. మైదానంలో అతని ఆట జట్టుకు హాని చేసినదా, మేలు చేసినదా అన్నంత వరకే ఇది చెప్పగలదు. జాక్సన్ 1951లో మరణించాడు. 2025 మే నెలలో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ మరణించిన ఆటగాళ్ళపై శాశ్వత బహిష్కరణ వర్తించదని ప్రకటించడంతో అతని పేరు ఆ జాబితా నుండి తొలగినది.

పరిమితులు, విమర్శలు

* ఫీల్డర్ల పాత్ర లెక్కకు రాదు. సాధారణ పద్ధతిలో ప్రతి ఘటనను బ్యాటరుకు, పిచరుకు మధ్యనే పంచుతారు. పైన చెప్పిన 2011 ఆటలో ఫ్రీజ్ ఐదవ ఇన్నింగ్స్‌లో తేలికైన క్యాచ్‌ను జారవిడిచాడు. అతని 0.969లో ఆ తప్పు లేదు. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో అతడు కొట్టిన బంతిని ఫీల్డరు నెల్సన్ క్రూజ్ అందుకోలేకపోగా, ఆ నష్టమంతా పిచర్ నెఫ్టాలీ ఫెలీజ్ ఖాతాలో పడినది.
* అవకాశం అందరికీ సమానంగా రాదు. కీలక సమయంలో బ్యాటింగ్ వంతు రావడం ఆటగాడి చేతిలో లేదు. స్థిరంగా బాగా ఆడినా, ఏకపక్షంగా సాగే ఆటలలో ఆడినవాని విలువ తక్కువగా కనిపిస్తుంది.
* జట్లు సమానమనే ఊహపై లెక్క ఆధారపడుతుంది. తరువాత రాబోయే బ్యాటరు ఎంతటివాడు, మైదానం ఎటువంటిది అన్న అంశాలను పట్టికలు సాధారణంగా పట్టించుకోవు.
* భవిష్యత్తును చెప్పలేదు. ఒక సంవత్సరం అధిక డబ్ల్యు.పి.ఏ. సాధించినవాడు మరుసటి సంవత్సరం కూడా సాధిస్తాడని నమ్మలేము.

చివరి అంశంపై పరిశోధన చాలా కాలంగా సాగుతున్నది. ఒత్తిడిలో తమ మామూలు స్థాయిని మించి ఆడే ప్రత్యేక శక్తి కొందరికి ఉంటుందని అభిమానులు నమ్ముతారు. 1977లో డిక్ క్రామర్ మిల్స్ సోదరుల 1969, 1970 సంవత్సరాల లెక్కలను పోల్చి చూశాడు. మొదటి సంవత్సరం కీలక సమయాలలో రాణించినవారు రెండవ సంవత్సరం కూడా అలాగే రాణించిన దాఖలా లేదని, కనుక అటువంటి ప్రత్యేక శక్తి ఉన్నదనడానికి ఆధారం లేదని నిర్ణయించాడు. 2006 నాటి ద బుక్ రచయితలు అటువంటి భేదం స్వల్పంగా ఉన్నదని, అయితే ఆటగాళ్ళ ఎంపికలో దానిని నమ్ముకోలేనంత చిన్నదని తేల్చారు.

ఈ కారణాల వలన జట్ల యాజమాన్యాలు ఆటగాళ్ళ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి సందర్భంతో నిమిత్తం లేని కొలమానాలనే ఎక్కువగా నమ్ముతాయి. గడిచిన ఆట కథను చెప్పడానికి, ఎప్పుడు ఏ పిచరును దింపాలన్న నిర్ణయాలను పరిశీలించడానికి గెలుపు సంభావ్యత ఉపయోగపడుతుంది.

ఇతర క్రీడలలో

అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలలో కూడా గెలుపు సంభావ్యతను లెక్కిస్తున్నారు. క్రికెట్‌లో న్యూజిలాండ్ దేశపు కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ బ్రూకర్, షేమస్ హోగన్ పరిశోధన ఆధారంగా వాస్ప్ అనే పద్ధతిని 2012లో అక్కడి టెలివిజన్ ప్రసారాలలో ప్రవేశపెట్టారు. పరిమిత ఓవర్ల ఆటలో మిగిలిన బంతులు, మిగిలిన వికెట్లు, కావలసిన పరుగులను బట్టి ఛేదిస్తున్న జట్టు గెలుపు అవకాశాన్ని అది శాతంలో చూపుతుంది. క్రికెట్ ప్రసారాలలో తెరపై కనిపించే గెలుపు శాతం వెనుక ఉన్న సూత్రం, లిండ్సే బేస్‌బాల్‌లో ప్రయోగించిన సూత్రం ఒక్కటే.

ఇవి కూడా చూడండి

* బేస్‌బాల్
* సంభావ్యత
* గణాంక శాస్త్రం
* వరల్డ్ సిరీస్
* డక్‌వర్త్ లూయిస్ పద్ధతి